అన్నీ కలిపే అండీ

మా ఆయనకి ఫ్రీ అన్న మాట వినిపిస్తే చాలు, చెవులు నిక్కబొడుచుకుంటాయి. బ్రష్షు ఫ్రీగా వస్తోందని టూత్‌పేస్టు మార్చిన మనిషి. ఆ బ్రష్షు మరీ గట్టిదై చిగుళ్ళు వాచిపోతే, నేను పనిచేసే పళ్ళ డాక్టరుగారి దగ్గరికే లాక్కెళ్ళాను. పనిచేసేవాళ్ళ ఇంట్లోవాళ్ళ దగ్గర డాక్టరుగారు ఫీజు పుచ్చుకోరు. "చూశావా, ఇది కూడా ఫ్రీయే" అన్నారు మా ఆయన, వాచిన నోటితోనే గర్వంగా.

అలాంటి మనిషి బడికి వెళ్ళే దారిలోనే, ఇళ్ళు కట్టి అమ్మే కంపెనీ ఒకటి పెద్ద బోర్డు పెట్టింది. మీరు ఇల్లు మాత్రం కొనుక్కోండి, మిగతావన్నీ అందులోనే కలిపి ఇచ్చేస్తాం అని దాని సారాంశం. మా ఆయన హైస్కూల్లో భూగోళం చెప్తారు. ఆ వారం పిల్లలకి సముద్రాల గురించీ పర్వతాల గురించీ ఏం చెప్పారో నాకు తెలియదు. ఇంటికొచ్చి మాకు మాత్రం వంటింటి రాతి గట్టు, బుడగల తొట్టి, మాట వినే దీపాల గురించి రోజుకో పాఠం చెప్పారు.

ఇల్లు మాకు నిజంగానే కావాలి. మేముంటున్న అద్దె ఇంటిని పడగొట్టి కొత్తగా కట్టుకుంటానని దాని యజమాని ఎప్పటినుంచో చెవిలో జోరీగలా పోరుతున్నాడు. కానీ మా ఇంట్లో ఇల్లు మారడమంటే సామాను సర్దుకోవడం ఒక్కటే కాదు. మా మామగారు ఉన్నారు.

మామగారు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఎంత కుదుపులో అయినా పైకమ్మీ పట్టుకోకుండా బస్సు ఈ చివరినుంచి ఆ చివరికి నడిచిన మనిషి. చూపు కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చి, ఇప్పుడు వెలుగుందో లేదో మాత్రమే తెలుస్తుంది. అయినా కర్ర పట్టుకోరు. ఎవరైనా చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంటారు. అద్దె ఇంట్లో ఆయనకి ఆ అవసరమూ లేదు, ఎందుకంటే చూపు ఉన్నప్పుడే ఆ ఇల్లంతా ఆయన చేతికి వచ్చేసింది. తెల్లవారగానే అందరికంటే ముందు లేచి, గోడ వెంట వంటింట్లోకి వెళ్ళి రెండు కప్పుల కాఫీ పెడతారు. చక్కెర లేనిది తనకి, వేసినది నాకు. నా కప్పు మా గది గుమ్మం పక్కన స్టూలు మీద పెట్టి, తలుపు మీద ఒక్కసారి తట్టి వెళ్ళిపోతారు.

ఉన్నమాట చెప్పుకుంటాను. మా ఇంట్లో పొద్దున్నించి రాత్రిదాకా అందరికీ అన్నీ నేను అందిస్తాను. నాకు ఒకరు తెచ్చి అందించేది ఆ ఒక్క కప్పే. ఇల్లు మారితే ఆ కప్పు పోతుందని నాకు దిగులు. మామగారికి అంతకంటే పెద్ద దిగులు, ఇకనుంచి కాఫీకి కూడా ఒకరిని పిలవాల్సి వస్తుందని.

"నా కాఫీ నేను పెట్టుకోగలిగిన ఇల్లయితే వస్తాను" అన్నారు ఆయన. "లేకపోతే..."

"లేకపోతే?" అన్నారు మా ఆయన భయంగా.

"లేకపోతే కూడా వస్తానురా, ఎక్కడికి పోతాను? కాకపోతే మొహం మాడ్చుకుని వస్తాను."

అలా ఒక ఆదివారం ముగ్గురం కంపెనీవాళ్ళ మోడల్ హౌస్ చూడడానికి వెళ్ళాం. కొనేవాళ్ళకి చూపించడానికని ముందే కట్టి, అలంకరించి ఉంచిన ఇల్లు అది. మిగతా ఇళ్ళన్నీ అచ్చం అలాగే కడతారన్నమాట. గుమ్మంలో ఒకాయన ఎదురొచ్చాడు. పేరు చెప్పాడుగానీ, ఆయన కట్టుకున్న టై చూశాక పేరు గుర్తుండే వీలు లేదు. పసుపురంగు టై, దానిమీద చిన్నచిన్న ఇళ్ళ బొమ్మలు. నవ్వితే పైవరసంతా ఒకేసారి బయటికొస్తుంది. అందులో నాలుగు కట్టించుకున్నవని నేను చెప్పులు విప్పేలోపే కనిపెట్టేశాను.

"ఈ వంటగట్టు అసలు రాయండీ. ఇది కూడా కలిపే" అంటూ మొదలుపెట్టాడు టై ఆయన. "ఈ సొరుగులు చూడండి మేడమ్, ఎంత విసురుగా తోసినా చప్పుడు చెయ్యవు. ఇవి కూడా కలిపే."

సొరుగు నాకు నచ్చలేదు. కోపం వచ్చినప్పుడు సొరుగు చప్పుడు చెయ్యకపోతే, ఆ కోపం వచ్చిందని అవతలివాళ్ళకి ఎలా తెలుస్తుంది? కానీ మా ఆయన అప్పటికే ఆ సొరుగుని పదేపదే తోసి ఆనందిస్తున్నారు.

"దీపాలు మన మాట వింటాయండీ" అని టై ఆయన పైకి చూసి "వెలుగు!" అన్నాడు. వెలిగాయి.

"ఒక్క ఇంట్లోనైనా మాట వినేవాళ్ళున్నారన్నమాట" అన్నారు మామగారు. ఆయనా "ఆరిపో!" అని చూశారు. దీపాలు ఉలకలేదు, పలకలేదు. టై ఆయన జేబులో చెయ్యి పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు. అప్పుడు ఆరాయి.

స్నానాలగదిలో తొట్టి ఉంది. మనిషి పడుకుంటే అడుగునుంచి బుడగలు వస్తాయట. అదీ కలిపే. తువ్వాలు ఆరేసే కడ్డీ దానంతటదే వేడెక్కుతుందట. అదీ కలిపే. వీధి గుమ్మానికి బెల్లు, ఆ బెల్లుకి ఒక కన్ను. ఎవరొచ్చారో ఫోన్లోనే చూసుకోవచ్చట. మా ఆయన మొహం చూస్తే, ఇల్లు లేకపోయినా ఫరవాలేదు, ఆ బెల్లు ఇప్పించండి అనేలా ఉన్నారు.

ఇంతలో వంటింట్లోంచి కరకర నమిలి తుపుక్కున ఉమ్మిన చప్పుడు. గట్టుమీది పళ్ళబుట్టలోంచి మామగారు ఒక యాపిల్ తీసి కొరికేశారు. అది మైనపుది.

"ఇది కూడా కలిపేనా బాబూ?" అన్నారు నాలుక తుడుచుకుంటూ.

అక్కడినుంచి ఆయన ఒక్కో వస్తువూ తడమడం మొదలుపెట్టారు. టీవీ అట్టముక్క. షెల్ఫులో పుస్తకాలకి వీపులే ఉన్నాయి, లోపల కాగితాలు లేవు. కుళాయి తిప్పితే గాలి కూడా రాలేదు. వంటగట్టు మూలన గాజు సీసాలో తెల్లటి చక్కెర ముక్కలు ముచ్చటగా పేర్చి ఉన్నాయి. ఒకటి తీసి నేనే పంటికింద పెట్టి చూశాను. ప్లాస్టిక్. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తూ నేను అలా కొరకడం తప్పేననుకోండి.

"చూపించడానికి కదండీ, అందుకని" అన్నాడు టై ఆయన. "మీకిచ్చే ఇంట్లో అన్నీ అసలువే."

నేను వెళ్ళిపోదామనే అన్నాను. కానీ మామగారు వీధి గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. కుడిచెయ్యి గోడకి ఆనించి నడిచారు. ముందు తనకనుకున్న గది తలుపు తగిలింది. ఇంకాస్త నడిస్తే వంటింటి రాతిగట్టు తగిలింది. గట్టు వెంటే వెళ్తే పొయ్యి, ఆ పక్కనే కుళాయి, మూలన చక్కెర సీసా. ఎక్కడా గడప లేదు, మెట్టు లేదు, కాలికి అడ్డం వచ్చే కుర్చీ లేదు. స్నానాలగదీ పైకి మెట్లూ అన్నీ ఎడమవైపు, ఈయన దారికి దూరంగా. ఆయన వెనక్కి తిరిగి మళ్ళీ నడిచారు. మూడోసారి నడిచేటప్పుడు కూనిరాగం తీస్తున్నారు.

"అమ్మాయ్" అని నన్ను పిలిచారు. "ఈ ఇంట్లో నా కాఫీ నేను పెట్టుకుంటాను. నీదీ పెడతాను. చక్కెర సీసా మాత్రం ఇక్కడే ఉండాలి."

"ఇక్కడే పెడతాను మామయ్యా. అసలు చక్కెర పోసి పెడతాను" అన్నాను. ఇంక ఆ ఇంటికి నేను వంక పెట్టలేదు. మా ఆయన అక్కడికక్కడే సంతకాలు చేసేశారు. ఏమేం కలిపి ఇస్తారో రాసిన కాగితాన్ని మాత్రం మూడుసార్లు చదువుకున్నారు, వేలు పెట్టి, మన పదోతరగతి మార్కులు మనం చూసుకున్నట్టు. దాని కిందున్న ఇంటి ప్లానుని అసలు తిప్పి కూడా చూడలేదు.

ఇల్లు తయారవడానికి నెలలు పడుతుందన్నారు. అంతవరకూ మామగారు ఊరుకోలేదు. ప్రతి ఆదివారం మోడల్ హౌస్‌కి తీసుకెళ్ళమనేవారు. అక్కడ తన గదిలోంచి వంటింట్లోకి నడవడం, పొయ్యి మీద ఉత్త గిన్నె పెట్టడం, రాని నీళ్ళు పట్టడం, సీసాలోంచి రెండు ప్లాస్టిక్ ముక్కలు తీసి ఖాళీ కప్పులో వేయడం. ఆ కప్పు తెచ్చి సోఫాలో కూర్చున్న నా చేతికిచ్చేవారు. నేను ఊదుకుని తాగినట్టు నటించేదాన్ని. మొదట్లో దారి తప్పి అట్ట టీవీని పడేసేవారు. పోనుపోను చెయ్యి గోడని ముట్టుకోవడం కూడా మానేసింది. వేళ్ళు గోడ పక్కన గాలిలో వెళ్తుంటే కాళ్ళు వాటంతటవే తిరిగేవి.

టై ఆయన మొదట్లో చిరాకుపడ్డాడు. తరవాత ఆయన బుర్రకి ఏదో తట్టింది. ఇల్లు చూడడానికి వచ్చినవాళ్ళని సరిగ్గా మామగారు నడిచే వేళకి హాల్లో నిలబెట్టేవాడు. "చూడండి, మా ప్లాను ఎంత వీలుగా ఉంటుందో! కళ్ళు మూసుకుని తిరిగేయొచ్చు!" జనం నోరు వెళ్ళబెట్టి చూసేవారు. మామగారికి ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే నడకలో కాస్త ఊపు కూడా వచ్చేది. ఒకావిడ అయితే మామగారి చేతిలో కప్పు చూసి, ఎంతో ఆశగా, "ఈ పెద్దాయన కూడా కలిపేనా అండీ?" అని అడిగింది.

"లేదమ్మా, నేను పై ఖర్చు" అన్నారు మామగారు.

అలా ఆయన పుణ్యమా అని చాలా ఇళ్ళే అమ్ముడుపోయాయి. ఒక్క టీ కూడా ఇవ్వలేదు ఆయనకి. ఇద్దామన్నా ఆ కుళాయిలో నీళ్ళు ఉంటేగా.

మా ఇల్లు కడుతున్న చోటికి మమ్మల్ని రానిచ్చేవారు కాదు, ఇటుకలు మీద పడతాయని. మా ఆయన ఒకసారి కంచె బయటినుంచి తొంగిచూసి వచ్చి, "బెల్లు పెట్టేశారు!" అని చెప్పారు. గోడలు లేచాయా అని అడిగితే గమనించలేదన్నారు.

తాళాలు ఇచ్చే రోజు రానే వచ్చింది. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. కాఫీపొడి డబ్బా నేను తెస్తానన్నా ఇవ్వకుండా చంకలో పెట్టుకున్నారు. ఇంటి ముందు దిగగానే నాకు ఏదో తేడాగా అనిపించింది. గుమ్మం పక్క దీపం ఇటుండాలా, అటుండాలా? మా ఆయన అప్పటికే బెల్లు ముందు నిలబడి, ఫోన్లో తన మొహం తనే చూసుకుంటూ మురిసిపోతున్నారు.

"ఎవరూ చెయ్యి పట్టుకోవద్దు" అని ముందే చెప్పి మామగారు గుమ్మం దాటారు. కుడిచెయ్యి గాలిలోకి లేచింది. తలెత్తుకుని, బస్సులో నడిచినట్టు నడిచారు. ఒక తలుపు దాటారు. ఇంకాస్త వెళ్ళి, కుడికి తిరిగి, లోపలికి అడుగుపెట్టారు.

ధబ్‌మని చప్పుడు. పరిగెత్తాను. మామగారు బుడగల తొట్టిలో కూర్చుని ఉన్నారు. దెబ్బేమీ తగల్లేదు. కాఫీ డబ్బా ఇంకా చంకలోనే ఉంది.

"అమ్మాయ్, పొయ్యి ఏదీ?" అన్నారు.

అప్పుడు చూశాను చుట్టూ. అది అచ్చం ఆ ఇల్లే. అదే రాయి, అవే సొరుగులు, అదే తొట్టి. కాకపోతే అద్దంలో చూసినట్టు మొత్తం తిరగబడి ఉంది. కుడివైపు ఉండాల్సినవన్నీ ఎడమవైపుకి వెళ్ళిపోయాయి.

టై ఆయన ఏమాత్రం తొణకలేదు. "వీధికి ఇటువైపు ఇళ్ళన్నీ ఎడమచేతి వాటం అండీ. అటువైపువి కుడిచేతి వాటం. ఎప్పుడూ అలాగే కడతాం. మీరు సంతకం పెట్టిన ప్లానులో ఉంది చూడండి."

ఉంది. చక్కగా, స్పష్టంగా, బాణం గుర్తులతో సహా ఉంది. భూగోళం మాస్టారు దాన్ని అటు తిప్పారు, ఇటు తిప్పారు. దేశదేశాల పటాలు పిల్లలచేత గీయించే మనిషికి, తన ఇంటి పటంలో వంటిల్లు ఎటుందో కనిపించలేదు. ఒక సొరుగు లాగి గట్టిగా తోశాను. అది చప్పుడు చెయ్యకుండా, మెత్తగా, మర్యాదగా మూసుకుంది.

మామగారు మళ్ళీ గుమ్మం దగ్గరికి వెళ్ళారు. ఎడమచెయ్యి పెట్టి నడవడానికి చూశారు. రెండడుగులు వేసి ఆగిపోయారు. చెయ్యి దానంతటదే కుడికి వెళ్ళింది, కాళ్ళు దాని వెంట వెళ్ళాయి. మళ్ళీ తొట్టే. ఇంకోసారి వెళ్ళారు. తొట్టి అంచు పట్టుకుని ఆగారు.

"నాన్నా, నెమ్మదిగా అలవాటవుతుంది" అన్నారు మా ఆయన.

"వేరే ఇల్లయితే అలవాటు చేసుకుందునురా. ఇది అదే ఇల్లు, తిరగేసి పెట్టారు. ప్రతి గోడా నాకు తెలిసినట్టే ఉంది, తీరా తిరిగితే అక్కడ లేదు. చెయ్యి నా మాట వినట్లేదు." తరవాత చంకలోని డబ్బా తీసి నాకు ఇచ్చేశారు. ఖాళీ అయిన చెయ్యి నా వైపు చాపారు. "పట్టుకోమ్మా. బయటికి తీసుకెళ్ళు."

ఇన్నేళ్ళలో ఆయన చెయ్యి చాపడం నేను చూడలేదు. పట్టుకున్నాను. నాకు ఏడుపొచ్చింది, దాంతోపాటు ఒళ్ళు మండుకొచ్చింది.

టై ఆయనకి మా మొహాలు చూసి సంగతి అర్థమైంది. వెంటనే ఆయనకి తెలిసిన మందు వేశాడు. "మీకు ప్రత్యేకంగా ఇంకో వేడి కడ్డీ ఇస్తాం. అది కూడా కలిపే." నేను మామగారిని గుమ్మం వైపు నడిపించాను. "పైగదిలో మెత్తటి తివాచీ." ఆయన చెప్పులు కాళ్ళ దగ్గరికి జరిపాను. "పెరట్లో చిన్న ఫౌంటెన్, రంగు దీపాలతో."

"రంగులు మారతాయా?" అన్నారు మా ఆయన.

నేను ఆయన వైపు చూశాను. ఆయన ఫౌంటెన్ని వదులుకుని నేల వైపు చూశారు.

"మాకు ఆ ఇల్లే కావాలి" అన్నాను. "మీరు చూపించినదే. మోడల్ హౌస్."

టై ఆయన నవ్వాడు, ఆ నాలుగు పళ్ళతో సహా. "అది అమ్మేది కాదు మేడమ్, చూపించేది. అయినా అందులో ఏముందండీ? టీవీ అట్ట. కుళాయికి గొట్టం లేదు. దీపాలకి..." అని జేబులో చెయ్యి పెట్టుకుని ఆగిపోయాడు. ఆ మీట అక్కడే ఉందన్నమాట ఇన్నాళ్ళూ.

ఇల్లు మాకు అప్పజెప్పినట్టు మా ఆయన ఇంకో సంతకం పెట్టాలి. అది పెట్టకుండా ఇంటికొచ్చేశాం. ఆ వారమంతా కాఫీ నేనే పెట్టాను. మామగారు పాత వంటింట్లోకి కూడా వెళ్ళలేదు. ఏ చెయ్యి నమ్మాలో తెలియడం లేదన్నారు. నేను పెట్టిన కాఫీ నాకే సహించలేదు.

ఆదివారం పొద్దున ఆయనే లేచి చొక్కా వేసుకున్నారు. "మోడల్ హౌస్‌కి పద" అన్నారు.

"ఎందుకు మామయ్యా, మళ్ళీ?"

"ఆ జనమంతా నా నడక చూసి కొన్నారు కదమ్మా. ఎక్కినవాళ్ళకి బస్సు ఎటు వెళ్తుందో చెప్పడం నా పని."

వెళ్ళేసరికి హాలు నిండా జనం, ఇళ్ళు కొనేసినవాళ్ళూ కొనబోయేవాళ్ళూ. టై ఆయన మామగారిని చూసి ఎంతో సంబరపడి, "రండి రండి, మీకోసమే చూస్తున్నాం" అన్నాడు. మామగారు గుమ్మం దగ్గర నిలబడి గొంతు విప్పారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఇంజను మోతనీ జనం గోలనీ దాటి చివరి సీటుకి చేరే గొంతు అది.

"లోపలికి జరగాలి, లోపలికి జరగాలి! వెనకాల ఖాళీ ఉంది! ఎక్కేముందు ఏ బండో చూసుకోవాలి! ఇక్కడ చూపించేది కుడిచేతి ఇల్లు! వీధికి ఈ ఇల్లున్న వైపు కొంటే కుడిచేతి ఇల్లే ఇస్తారు! ఎదురువైపు కొంటే ఎడమచేతి ఇల్లు! ప్లాను చూసుకుని ఎక్కాలి! దిగాక చెప్పి లాభం లేదు!"

జనం ముందు నవ్వారు. తరవాత ఒక్కొక్కరూ నవ్వు ఆపి తమ కాగితాలు తీశారు. "మా పెద్ద బీరువా కుడి గోడకని కొలిచి చేయించాంగా!" అని ఒకావిడ మొగుణ్ణి నిలదీసింది. "పిల్లల గదిలోకి పొద్దుటి ఎండ రాదా అయితే?" అని ఇంకొకాయన. ప్లానులు అటూ ఇటూ తిరిగాయి. టై ఆయన చుట్టూ జనం మూగారు. ఆయన "అన్నీ కలిపే అండీ, అన్నీ కలిపే" అంటున్నాడుగానీ, ఏమిటి కలిపేనో ఆయనకే తెలియడం లేదు. మామగారు మాత్రం కుడిచెయ్యి గాల్లో పెట్టి, వాళ్ళ మధ్యలోంచి ఎవరికీ తగలకుండా వంటింట్లోకి వెళ్ళి, ఖాళీ కప్పు పట్టుకుని వచ్చారు. వచ్చి మళ్ళీ మొదలుపెట్టారు. "లోపలికి జరగాలి!"

ఆ సాయంత్రమే టై ఆయన మా అద్దె ఇంటికి వచ్చాడు. టై వదులుగా వేలాడుతోంది. పైవాళ్ళు ఒప్పుకున్నారట. మోడల్ హౌస్ మాకే ఇచ్చేస్తారు, కంపెనీ మరోచోట ఇంకోటి కట్టుకుంటుంది. కుళాయిలకి గొట్టాలు కలుపుతారు, మా పేరున మీటరు పెట్టి కరెంటు ఇస్తారు.

"కాకపోతే ఒకటండీ" అన్నాడు. "ఆఫర్ ఆ ఇంటికి వర్తించదు. తొట్టి, కడ్డీ, బెల్లు అన్నీ కొత్త మోడల్ హౌస్‌కి పట్టుకుపోతాం. మాట వినే దీపాలూ ఉండవు. ఉన్నది ఉన్నట్టు తీసుకోవాలి."

నేను మా ఆయన వైపు చూశాను. బ్రష్షు కోసం పేస్టు మార్చిన మనిషి. ఆయన మొహంలోంచి ముందు ఫౌంటెన్ పోయింది, తరవాత తొట్టి, తరవాత కడ్డీ. బెల్లు దగ్గర చాలాసేపు ఆగారు. పక్కన కుర్చీలో మామగారు కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎవరి మీదా ఒత్తిడి పెట్టకూడదన్నట్టు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

"మా నాన్న కాఫీ అందులో కలిపే కదా" అన్నారు మా ఆయన. "ఇంకేం అక్కర్లేదు." ఈసారి ప్లాను అడిగి తీసుకుని, బల్లమీద తిన్నగా పరిచి, ఉత్తరం ఎటో, గుమ్మం ఎటో, వంటిల్లు ఎటో వేలితో చూపించి, నాచేత కూడా అప్పజెప్పించుకుని, అప్పుడు సంతకం పెట్టారు. ఆయన్ని పెళ్ళి చేసుకున్నందుకు నాకు చాలాకాలానికి సంతోషం కలిగింది. ఆ మాట ఆయనతో అనలేదు, అంటే దాన్నీ ఫ్రీగానే తీసుకుంటారని.

కొత్త ఇంట్లోకి చేరిన రోజు ఒకటే హడావిడి. అట్ట టీవీ బయట పడేశాను. వీపుల పుస్తకాలు పడేశాను. పళ్ళబుట్టలో మామగారు కొరికిన యాపిల్ కూడా ఉంది, ఆ గాటు కనబడకుండా కంపెనీవాళ్ళు లోపలికి తిప్పి పెట్టారు పాపం. అదీ పడేశాను. తొట్టి పీకేసిన చోట బకెట్టు పెట్టుకున్నాం. తల ప్రాణం తోకకొచ్చి, హాలు పక్కనున్న మా గదిలో పడుకున్నాను.

తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. కదలకుండా పడుకుని విన్నాను. మామగారి గది తలుపు తెరుచుకుంది. అడుగుల చప్పుడు ఎక్కడా ఆగలేదు. వంటింట్లో కుళాయి తిరిగింది, నీళ్ళు పడ్డాయి. గిన్నె పొయ్యెక్కింది. సొరుగు మూసుకున్న చప్పుడు మాత్రం వినబడలేదు, అది దాని తప్పు కాదు. కాఫీ వాసన గదిలోకి వచ్చింది. గుమ్మం పక్క స్టూలు మీద కప్పు పెట్టిన చప్పుడు, తలుపు మీద ఒక్క తట్టు.

లేచి కప్పు తీసుకుని ఒక గుక్క తాగాను. చేదు. విషంలా చేదు. కప్పు కదిపితే లోపల టకటకమని శబ్దం. చెంచాతో కలియబెట్టి పైకి తీస్తే రెండు చక్కెర ముక్కలు, తెల్లగా, అరగకుండా, కరగకుండా, మూలలు కూడా పోకుండా. అసలు చక్కెర పోసి పెడతానని ఆయనకి మాటిచ్చింది నేను. ఇంట్లో ఉన్న నకిలీలన్నీ పడేసి, ఆ సీసా ఒక్కటీ మరిచిపోయింది నేను.

"చక్కెర సరిపోయిందా అమ్మాయ్?" వంటింట్లోంచి ఆయన గొంతు. తన కప్పులో చక్కెర వేసుకోరు కాబట్టి ఆయనకి తెలిసే దారి లేదు. ఆ గొంతులో ఉన్న ధీమా విని చాలా రోజులైంది.

"సరిగ్గా సరిపోయింది మామయ్యా" అన్నాను.

మా ఆయన పక్కమీదనుంచే ఒక కన్ను తెరిచి, నా చెంచాలోకి చూశారు. ఒక ముక్క తీసుకుని వెలుగుకి ఎత్తిపట్టుకున్నారు. మొహం విప్పారింది. "ఇవి తీసుకుపోవడం మరిచిపోయారే! చూశావా, ఇవి కూడా కలిపే."

గుమ్మంలో కూర్చుని, ఆ చేదు కాఫీ అడుగుచుక్కదాకా తాగాను.